ముక్కు ముట్టుకోకూడదు

ఆ రోజుల్లో లోకంలో ఏ చిక్కు వచ్చినా ఒక చార్టు పేపరు, నాలుగు రంగుల స్కెచ్ పెన్నులు, కాస్త గమ్ ఉంటే విడిపోతుందని మనస్ఫూర్తిగా నమ్మేదాన్ని. ఇరవై మూడేళ్ల వయసు. టీచర్ ట్రైనింగ్ పూర్తయి ఆరు నెలలు కాలేదు. పోర్ట్ బ్లెయిర్ శివార్లలో (ఇప్పుడు శ్రీ విజయపురం అనాలి, నాకింకా నోరు తిరగడం లేదు) ఒక ప్రైమరీ స్కూల్లో మూడో తరగతిని నా చేతిలో పెట్టారు, అదీ టెంపరరీగా. ముప్పై ఒక్కమంది పిల్లలు. తెలుగువాళ్లు, తమిళులు, బెంగాలీలు, రాంచీ వాళ్లు, ఇద్దరు నికోబారీలు. ఇంట్లో ఎవరి భాష వాళ్లది, స్కూలు గేటు దాటితే అందరిదీ హిందీయే. నేనూ అలా పెరిగినదాన్నే. మా తాత సోంపేట వైపు నుంచి ఓడెక్కి వచ్చాడట. నేను ఇక్కడే ఆస్టినాబాద్‌లో పుట్టాను. "ఖానా అయిందా, ఇంకా దాల్ వెయ్యనా?" అని మా అమ్మ అడుగుతుంటే అదే అచ్చ తెలుగనుకుంటూ పెద్దదాన్నయ్యాను. తెలుగు చదవడం, రాయడం చాలా ఆలస్యంగా, సిగ్గుపడుతూ నేర్చుకున్నాను. ఎందుకు సిగ్గుపడ్డానో చెప్పడానికే ఈ కథ.

మా హెడ్మిస్ట్రెస్‌ని అందరం పెద్ద మేడమ్ అనేవాళ్లం. కాకినాడ మనిషి, ద్వీపాలకు వచ్చి ముప్పై ఏళ్లయినా మాటలో మాత్రం కాకినాడ కాకినాడలాగే ఉండేది. జూలైలో ఒకరోజు నన్ను గదిలోకి పిలిచి ఒక కాగితం చేతికిచ్చారు.

"చూడమ్మా, పైనుంచి సర్క్యులర్ వచ్చింది. పిల్లలు ఒకళ్లనొకళ్లు ఏడిపించుకోకుండా చూసుకోడానికి స్కూలుకో కమిటీ ఉండాలంట. నీది కుర్రవయసు, నువ్వు చూసుకో."

"కమిటీలో ఇంకెవరుంటారు మేడమ్?"

"నువ్వే."

"నేనొక్కదాన్నేనా?"

"పైన కమిటీ అని రాసి కింద నీ పేరు రాయమ్మా. మిగతావాళ్ల సంగతి తరవాత చూద్దాం."

ఎవరైనా దీన్ని బరువనుకుంటారు. నేను పదవి అనుకున్నాను. ఆ సాయంత్రమే బజారుకు వెళ్లి పన్నెండు చార్టు పేపర్లు కొనుక్కొచ్చాను. మూడు రోజుల్లో మా క్లాసు గోడ కనబడకుండా పోయింది. చేయీ చేయీ కలిపిన పిల్లలు, నవ్వే సూర్యుడు, ఎందుకో ఒక డాల్ఫిన్. తరవాత పిల్లల తరఫున ఒక నాయకుడు ఉండాలని తోచింది. క్లాసులో అందరికంటే పెద్ద గొంతున్నవాడిని ఎంచుకున్నాను. బూరెబుగ్గలు, నున్నగా దువ్విన తల. హాజరు పిలిస్తే వాడు అనే "యెస్ మేడమ్" పక్క క్లాసులోనూ వినబడేది. వాడికి అట్టముక్కతో బంగారురంగు బ్యాడ్జి చేసి గుండెకు పిన్నుతో పెట్టాను. ఆ రోజు నుంచి వాడు కెప్టెన్. క్లాసులో ఎవరైనా ఎవరినైనా ఏడిపిస్తే నాకు చెప్పడం వాడి డ్యూటీ. (ఎవరూ ఎవరినీ ఏడిపించడం లేదని ప్రతిరోజూ సాయంత్రం సెల్యూట్ కొట్టి మరీ చెప్పేవాడు. నేను నమ్మేదాన్ని.)

బిస్కెట్ డబ్బా ఒకటి తెచ్చి మూతకు చీలిక పెట్టి ఫిర్యాదుల పెట్టె అని పేరు పెట్టాను. మొదటివారంలోనే పద్నాలుగు చీటీలు వచ్చాయి. గర్వంతో ఇంటికి తీసుకెళ్లి అమ్మకు చదివి వినిపించాను. "నా టిఫిన్ డబ్బాలో కొబ్బరి లడ్డూ పోయింది. ఎవరు తిన్నారో నాకు తెలుసు. నేనే తిన్నాను. మా అమ్మకు చెప్పకండి." "పదమూడో ఎక్కం నన్ను రోజూ ఏడిపిస్తోంది." "ఆటల పీరియడ్‌లో మేడమ్ డిక్టేషన్ ఇస్తున్నారు. మేడమ్ మీద కమిటీ చర్య తీసుకోవాలి." ఈ చివరిదానికి ఏం చెయ్యాలో తోచక కమిటీ (అంటే నేను) చాలాసేపు ఆలోచించి, మేడమ్‌ని (అంటే నన్నే) మందలించి వదిలేసింది. ఒక్క చీటీ మాత్రం అర్థం కాలేదు. అందులో అక్షరాలు లేవు. పెన్సిల్‌తో వేసిన ఒక ముఖం. కళ్లున్నాయి, నోరుంది, రెండు జడలున్నాయి, ముక్కు లేదు. ఎవరో పాపం మరిచిపోయారనుకుని, ఎర్ర స్కెచ్‌పెన్నుతో చక్కటి ముక్కు నేనే గీసి, 'శభాష్' అని రాసి డాల్ఫిన్ పక్కన అతికించాను.

ఆ పెట్టె పెట్టడానికి కొద్దిరోజుల ముందే మా క్లాసులో ఒక కొత్త పాప చేరింది. శ్రీకాకుళం జిల్లా సముద్రపొడ్డు ఊరు. తండ్రి ఇక్కడ సర్కారు లారీ డ్రైవరు. ఇల్లు దొరికాక భార్యాపిల్లల్ని తెచ్చుకున్నాడు. పాప రెండో బెంచీలో కిటికీ పక్కన కూర్చునేది. అల్లరి లేదు, గొడవ లేదు, నోట్లోంచి మాట లేదు. మిగతా ముప్పై ఒక్కమంది కాకిగోలలో ఆ నిశ్శబ్దం నా ప్రాణానికి ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. 'శాంత స్వభావం' అని రాసి ఒక వెండి నక్షత్రం చేసి, అందరిచేతా చప్పట్లు కొట్టించి, ఆ పిల్ల జేబుకు తగిలించాను. పిల్ల తలవంచుకుని నక్షత్రం వైపు చూసుకుంది. మొహమాటపడుతోందనుకున్నాను.

ఆగస్టులో వానపడుతుండగా ఆ పాప వాళ్లమ్మ వచ్చి వరండాలో నిలబడింది. గొడుగు ముడిచి, చీరచెంగు పిండుకుంటూ, "మేడమ్ గోరూ, మా పిల్లకేటైనాదో ఓపాలి సూడండి," అంది.

"ఏమైంది దీదీ? చాలా మంచిపిల్ల. స్టార్ కూడా ఇచ్చాను."

"అదేనండి. ఊర్లో ఉన్నప్పుడు దీని నోరు మూయించనేక సచ్చేవోళ్లం. ఇక్కడికొచ్చినాక మాటే నేదు. అన్నం కావాలంటే కంచం సూపెడతాది. సెల్లికి మిఠాయెట్టి, మరి నీకో అనడిగితే ఇలాగ గుండె మీద సెయ్యెట్టుకుని సూపెడతాది గానీ, నాకు అన్న మాట మాత్రం నోట్లోంచి రానివ్వదు. నాకు అనవే అంటే ఏడుపు. నిన్న మా ఆయన గట్టిగా అడిగితే బడికి ఎల్లనని తల అడ్డంగా ఊపినాది. వొచ్చే ఓడకి దీన్ని మా అమ్మ కాడికి పంపేద్దారని అనుకుంతన్నాం."

నేను ఆమెకేదో ధైర్యం చెప్పబోయి ఆగిపోయాను. నాకు. నాక్. హిందీలో నాక్ అంటే ముక్కు. మెల్లగా తల తిప్పి గోడకేసి చూశాను. డాల్ఫిన్ పక్కన రెండు జడల ముఖం, దాని మధ్యలో నేను ముచ్చటపడి గీసిన ఎర్రటి ముక్కు, కింద శభాష్. పెట్టెలో పడిన పద్నాలుగింటిలో అసలైన ఫిర్యాదు అదొక్కటే. దాన్ని దిద్ది మార్కులేసి గోడకెక్కించాను.

ఆ మధ్యాహ్నం టిఫిన్ వేళ స్తంభం చాటున నిలబడి చూశాను. పక్కపిల్ల ఏదో అడిగింది. కొత్త పాప పొరపాటున "నా..." అని, చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అప్పటికే ఆరేడు చేతులు పైకి లేచి ఆరేడు ముక్కుల మీద వాలాయి. ఒక్కరూ నవ్వలేదు. ప్రార్థనలో నిలబడ్డంత క్రమశిక్షణగా ముక్కులు పట్టుకుని ఆ పిల్లనే చూస్తున్నారు. అందరిలోకీ నిటారుగా కూర్చుని, అందరికంటే గట్టిగా ముక్కు పట్టుకున్నవాడు మా కెప్టెన్. గుండె మీద బంగారు బ్యాడ్జి మెరిసిపోతోంది.

వాడి రెక్క పట్టుకుని స్టాఫ్ రూమ్‌కి లాక్కెళ్లాను. వాడు భయపడలేదు, ఆశ్చర్యపోయాడు. "బుల్లీయింగ్ నహీ మేడమ్! యే తో హమారా క్లాస్ కా గేమ్ హై," అన్నాడు, ఇది ఏడిపించడం కాదు ఆట, ఇంత చిన్న విషయం కమిటీకి తెలియదా అన్నట్టు.

"ఎవరు మొదలుపెట్టార్రా ఈ గేమ్? కిస్‌నే?"

వాడు బూట్ల వైపు చూశాడు. కిటికీ వైపు చూశాడు. ఆ పెద్ద గొంతు మొదటిసారి చిన్నదైంది. "ఆప్‌నే, మేడమ్."

"నేనా?"

"పహలా దిన్. ఉస్‌నే బోలా నాకు హిందీ రాదు. ఆప్ బోలే, నాక్ కో క్యా హువా, సర్దీ హై క్యా? ఫిర్ ఆప్ హసే. తో హమ్ భీ హసే."

(మొదటిరోజు ఆ పిల్ల 'నాకు హిందీ రాదు' అంటే, ముక్కుకేమైంది, జలుబా అని నేనే అడిగి, నేనే నవ్వానట. నేను నవ్వితేనే వాళ్లూ నవ్వారట.) ఆ సంగతి అప్పటిదాకా నాకు గుర్తే లేదు. వాడు చెప్తుంటే ఒక్కొక్కటే కళ్లముందుకు వచ్చింది. కొత్తపిల్ల బెరుకు పోగొడదామని జోక్ వేశాననుకున్నాను. ఆ పిల్ల కూడా నవ్వినట్టే అనిపించింది. నిజానికి ఆ క్లాసులో ఆమె మాట అర్థమైన పెద్దమనిషిని నేనొక్కదాన్నే. అర్థమైనా కానట్టు నటించి నవ్వించాను. కెప్టెన్ ఇంకా నా ముందే నిలబడి ఉన్నాడు. బ్యాడ్జి తీసెయ్యాలా అన్నట్టు పిన్ను మీద వేలు పెట్టుకుని చూస్తున్నాడు. క్లాసుకు వెళ్లమన్నాను.

సాయంత్రం ఇంటికెళ్లి అమ్మకు చెప్పాను. అమ్మ బియ్యం ఏరుతూ అంతా విని, "ఆ పిల్లకి సారీ చెప్పినావా?" అంది.

"రేపు క్లాసులో ఒక రూల్ పెడతానమ్మా."

"రూల్ ఎందుకే? నోరు లేదా నీకు?"

చార్టు పేపరు బయటికి తీశాను. సారీ చెప్పడంకన్నా రూల్ రాయడం ఎంత సుఖమో చిన్న ఉద్యోగం చేసినవాళ్లకైనా తెలుస్తుంది. మర్నాడు నల్లబల్ల పైన కొత్త చార్టు వెలిసింది. పెద్ద ముక్కు బొమ్మ, దాని మీద అడ్డంగా ఎర్రగీత, కింద పెద్ద అక్షరాలతో 'ముక్కు ముట్టుకోకూడదు' అని మూడు భాషల్లో. (తెలుగులో రెండు తప్పులున్నాయని పెద్ద మేడమ్ తరవాత చెప్పారు.)

మా దగ్గర వాన మే నెలలో మొదలైతే నవంబరు దాకా వదలదు. ఆగస్టులో జలుబు లేని పిల్లవాడు బడిలో దొరకడు. నేను రూల్ పెట్టిన గంటకే మొదటి చెయ్యి లేచింది. "మే ఐ టచ్ నోజ్, మేడమ్?" తరవాత ఇంకొకటి. తరవాత వరసగా పదకొండు. ఎక్కాలు చెప్పే నలభై నిమిషాల్లో ముప్పై నిమిషాలు నేను ముక్కులకు పర్మిషన్లు ఇస్తూ గడిపాను. అడగడానికి బద్ధకించినవాళ్లు చొక్కాచేతుల మీద తుడుచుకున్నారు. రెండోరోజుకు తెలివైనవాళ్లు ముక్కుకు బదులు చెవి పట్టుకోవడం మొదలుపెట్టారు. చెవులు నిషేధించాను. మోచేతులకు వెళ్లారు. మోచేయి దాకా వచ్చాక కమిటీ అలసిపోయింది. కెప్టెన్ మాత్రం, తాను చేసిన తప్పు ఎలాగైనా కడుక్కోవాలని, నా కంటే కఠినంగా రూల్ అమలు చేశాడు. ఎవరి చెయ్యి గడ్డం దాటినా "మనా హై!" (కూడదు!) అని కేకవేసేవాడు. ఇంత హడావుడిలో కొత్త పాప రోజూ పొద్దున్నే వచ్చి, తన ఎదురుగా గోడమీద వేలాడే అంత పెద్ద ముక్కుబొమ్మను చూసి, ఇంకాస్త కిటికీ వైపు జరిగి కూర్చునేది. నేను సారీ చెప్పనే లేదు. రేపు, రేపు అనుకుంటూ వారం గడిపాను.

వాళ్లమ్మ చెప్పిన ఓడ ఇంకో పదిరోజుల్లో ఉందనగా ఆఫీసు నుంచి ఒక సార్ తనిఖీకి వచ్చారు. కమిటీలు ఎలా పనిచేస్తున్నాయో చూడటానికట. ఉత్తరాది మనిషి, పొడుగ్గా, కళ్లద్దాలు, ప్యాంటు మోకాళ్ల దాకా తడిసిపోయింది. పక్కన పెద్ద మేడమ్. డాల్ఫిన్ చూశారు, పెట్టె చూశారు, బాగుందన్నట్టు తలూపారు. అంతలో ఆయన ముఖం అదోలా అయింది. కళ్లద్దాలు పైకి లేచాయి. గోడలదిరేలా ఒక తుమ్ము తుమ్మి, జేబురుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకోబోయారు.

"సార్!" కెప్టెన్ బెంచీ మీదికి ఎగిరి నిలబడ్డాడు. "మనా హై!"

సార్ రుమాలు పట్టుకున్న చెయ్యి గాల్లో ఆగిపోయింది. అప్పుడు రెండో బెంచీ నుంచి కిలకిలమని నవ్వు వినిపించింది. ఆ గొంతు ఎవరిదో మాలో ఎవరికీ తెలియలేదు. నెలన్నరలో ఆ పిల్ల నోటి నుంచి మేం విన్న మొదటి నవ్వు అది.

"యే కైసా రూల్ హై?" ఇదేం రూల్ అని సార్ చార్టు చూపించి నన్నడిగారు. పెద్ద మేడమ్ ఆయన వెనకనుంచి కళ్లతోనే, ఏదో ఒకటి చెప్పి బయటపడు అంటున్నారు.

"హైజీన్, సార్," అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. "వెరీ గుడ్! దూస్‌రే స్కూలోఁ మే భీ హోనా చాహియే," అని, మిగతా స్కూళ్లలో కూడా పెట్టించాలంటూ నోట్‌బుక్ తీసి రాసుకోవడం మొదలుపెట్టారు. పెద్ద మేడమ్ ఊపిరి పీల్చుకున్నారు. నేనూ పీల్చుకోవలసిందే. కానీ కొత్త పాప నవ్వడం ఆపేసి నన్ను చూస్తోంది. ఆ పిల్లకి మా హిందీ సగం అర్థం కాదు, హైజీన్ అసలే తెలియదు. అయినా నేను అబద్ధమాడుతున్నానని ఆ ముఖానికి తెలుసు.

"కాదు సార్," అన్నాను. ఉద్యోగం పోయినట్టేననుకున్నాను. మొదటిరోజు నేను నవ్వడం నుంచి, బొమ్మకు ముక్కు గీయడం దాకా, వరసగా హిందీలో చెప్పేశాను. ఇది హైజీన్ కాదు, నా తప్పు మీద నేను అతికించుకున్న కాగితం అన్నాను. తరవాత రెండో బెంచీ దగ్గరకు వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని నా వంకర తెలుగులో మొదలుపెట్టాను. "పాపా, ఆ రోజు నేనే నవ్వినాను. నవ్వకూడదు. నాకు... నాకు చాలా సిగ్గుగా ఉంది."

రెండుసార్లు నాకు అన్నాను. క్లాసులో ఒక్క చెయ్యి లేవలేదు. ఒక్క సార్ చెయ్యి మాత్రం లేచింది, ఆయనకు నిజంగానే అవసరం పడింది.

పాప నన్ను కాసేపు ఎగాదిగా చూసింది. "నాకేటి కోపం నేదండి," అంది మెల్లగా. తరవాత, అన్నిరోజులూ మూసిపెట్టిన మూత ఊడినట్టు, "ఆ సారు తుమ్మితే నాకు నవ్వొచ్చినాదండి. మా ఊర్లో మా తాతా అలాగే తుమ్ముతాడండి. కోళ్లన్నీ పారిపోతాయండి," అంది.

సార్ నోట్‌బుక్‌లో రాసింది కొట్టేశారు. నన్నేమంటారోనని చూస్తున్నాను. "పహలే యే చార్ట్ ఉతారియే," అన్నారాయన, ముక్కు ఎగబీలుస్తూ. "ముఝే నాక్ పోఛ్నీ హై." ముందా చార్టు దింపండి, నేను ముక్కు తుడుచుకోవాలి అని. అక్కడికక్కడే చించి పారేశాను. నా చార్టు పోయినందుకు నేను సంతోషించిన సందర్భం జీవితంలో అదొక్కటే. ఆయన వెళ్లాక పెద్ద మేడమ్ నన్ను గదికి పిలిచారు. తిట్లకు సిద్ధపడి వెళ్లాను. "కమిటీ కాగితం ఏదమ్మా, ఇటివ్వు," అని తీసుకుని, నా పేరు కింద తన పేరు రాసి సంతకం పెట్టి ఇచ్చేశారు.

ఆ ఓడకు పాప వెళ్లలేదు. కెప్టెన్ మాత్రం రెండు రోజులు అన్నం సహించనట్టు తిరిగి, మూడోరోజు నా దగ్గరకొచ్చి తెలుగులో సారీ ఎలా చెప్పాలని అడిగాడు. 'నీకు సారీ' అని నేర్పాను. (అలా అనరని ఇప్పుడు తెలుసు, అప్పుడు నా తెలుగు అంతే.) వరండాలో ఇరవైసార్లు వల్లించుకుని, బ్యాడ్జి సర్దుకుని, వెళ్లి పాప ముందు నిలబడి గట్టిగా, "నాకు సారీ!" అన్నాడు.

"నాకు కాదు, నీకు అనాల," అంది పాప.

"నాకు కాదు, నీకు?"

"నీకు కాదు, నాకు. నువ్వు నాకు సెప్పాల."

"నీకు నాకు చెప్పాల?"

బెల్లు కొట్టేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు. వారం తిరిగేసరికి సగం క్లాసు "నాకు చాక్, నాకు పానీ" అనడం మొదలుపెట్టింది. అందరూ ఒక్కరోజులో బంగారుకొండలైపోయారని అనను. వెనక బెంచీలో ఇద్దరు ఇంకో నెలరోజులు చాటుగా ముక్కులు పట్టుకుంటూనే ఉన్నారు. ఒకరోజు పాప లేచి వెళ్లి వాళ్లలో ఒకడి నెత్తిమీద జామెట్రీ బాక్సు పెట్టి కొట్టింది. మా కమిటీ రిజిస్టర్లో నమోదైన మొట్టమొదటి అసలు కేసు ఆ పిల్లదే. విచారించి, వాడిచేత మంచినీళ్లు తాగించి, పాపకు గట్టిగా చెప్పి, ఇంటికెళ్లే దారిలో ఒంటరిగా నవ్వుకున్నాను. ఆ పిల్ల దగ్గరే సాయంత్రాలు కూర్చుని వాళ్లమ్మ తెచ్చిన పాత వాచకంలో ఒత్తులూ గుణింతాలూ దిద్దుకోవడం మొదలుపెట్టాను. తప్పు రాస్తే, "ఏటి మేడమ్, ఇదీ రాదా?" అనేది. నవ్వేది కూడా. ఆ నవ్వు నాకు రావలసిందే కాబట్టి పుచ్చుకున్నాను.

పరీక్షలయ్యాక తండ్రికి బాంబూఫ్లాట్ వైపు బదిలీ అయింది. చాతం నుంచి ఫెర్రీలో పావుగంట ప్రయాణం. అయినా అదేదో విశాఖపట్నానికి వెళ్తున్నట్టు, శనివారం చాతం జెట్టీకి వెళ్లి నిలబడ్డాను. లారీలో సామాన్లు ముందే ఫెర్రీ ఎక్కాయి. వాళ్లమ్మ చిన్నదాన్ని చంకనేసుకుని, "ఎల్లొస్తాం మేడమ్ గోరూ. మా పెద్దదాని నోరు మూయించడం నా వల్లవ్వట్లేదు, ఏదైనా మందుంటే సెప్పండి," అంది. పాప అప్పటికే రెయిలింగ్ పట్టుకుని మొదలుపెట్టేసింది. సగం తెలుగు, సగం హిందీ, మధ్యమధ్య ఊపిరి తీసుకోవడానికి మాత్రం ఆగుతూ. ఫెర్రీ కదిలింది. ఇంజన్ చప్పుడులో ఒక్క అక్షరం వినబడలేదు. పెదవులు కదులుతున్నాయి, చెయ్యి ఊగుతోంది, ఏదో అడుగుతోందని మాత్రం తెలుస్తోంది. నేను కళ్లు తుడుచుకుంటూ, జెట్టీ అంచున నిలబడి ప్రతిదానికీ సరే, సరే అని తలూపాను. మనిషి చుక్కంతయ్యేదాకా ఊపుతూనే ఉన్నాను. పావుగంట దూరానికి అంతలా ఏడ్చిన ఆ కుర్ర మేడమ్‌ని తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ రోజు ఏమేం ఒప్పుకుందో పాపం, ఆవిడకే తెలియదు.